పూత మీద బూడిద, మొదట్లో బంక
జీడిమామిడి, మామిడి తోటల శిలీంధ్ర తెగుళ్లపై సమీక్ష

జనగామ ఎర్ర చెల్కల్లో, మహబూబాబాద్ తండాల చుట్టూ, భూపాలపల్లి అడవి అంచు ఊళ్లలో జీడిమామిడి తోట అరుదు. తెలంగాణలో ఆ చెట్టు నిలదొక్కుకున్నది అశ్వారావుపేట, దమ్మపేట, సత్తుపల్లి వైపు. అక్కడ కూడా ఆయిల్‌పామ్ వచ్చాక చాలామంది దాన్ని తీసేశారు. అయినా మొదట చెప్పిన మూడు జిల్లాల రైతుకు జీడిమామిడి తెగుళ్ల ముచ్చట పరాయిది కాదు. ఇక్కడ విరివిగా ఉన్న మామిడి ఆ కుటుంబపు చెట్టే. ఈ అడవుల్లో ఎప్పటినుంచో ఉన్న నల్లజీడి, ఎండాకాలం పిల్లలు ఏరుకు తినే మొర్రిపండ్ల చెట్టు, గట్ల మీది గుంపెన అన్నీ అదే కుటుంబం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడికి ఈ గడ్డ మీద చుట్టాలు ముందే ఉన్నారు. ఆ చుట్టాల మీద బతికే శిలీంధ్రాలూ ముందే ఉన్నాయి. ఒక చెట్టుకు అలవాటుపడ్డ శిలీంధ్రం దాని కుటుంబంలోని ఇంకో చెట్టు మీదికి పాకడానికి పెద్దగా కష్టపడదు.

ఈ తెగుళ్ల సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని మొదలుపెట్టింది. అటవీ హక్కుల పట్టాలున్న ఆరు లక్షల ఎకరాలకు సౌర పంపుసెట్లతో నీళ్లివ్వాలని, ఆ నేలల్లో పండ్ల తోటలు పెంచాలని దాని ఉద్దేశం. అంచనా ఖర్చు 12,600 కోట్ల రూపాయలు. పోడు పట్టాలున్న మహబూబాబాద్, భూపాలపల్లి గిరిజన రైతుల్లో చాలామందికి ఇది మొదటి తోట అవుతుంది. పత్తికి తెగులొస్తే మరుసటి ఏడాది పంట మార్చి తప్పించుకోవచ్చు. మామిడో జీడిమామిడో నాటిన రైతుకు ఆ వెసులుబాటు లేదు. ముప్పై ఏళ్లు నిలబడే చెట్టుకు మొదటి మూడేళ్లలో చేసిన తప్పు ముప్పై ఏళ్లూ వెంట వస్తుంది.

తోట తెగుళ్ల మీద మన దగ్గర కరపత్రాలకు కొదవ లేదు. తెగులు పేరు, లక్షణాలు, లీటరుకు ఎన్ని గ్రాముల మందు అని వరసగా చెప్పి ముగిస్తాయి. ఆ లెక్కలు తప్పని అనను. కానీ వాటిలో వరస తప్పిపోతుంది. ఈ చెట్ల మీద శిలీంధ్రం చాలాసార్లు వెనుక వస్తుంది. పురుగు పొడిచిన గాయం, కోయకుండా వదిలేసిన ఎండు కొమ్మ, నీళ్లు నిలిచిన వేరు, వెలుతురు దూరని గుబురు దానికంటే ముందుంటాయి. బూడిద తెగులు ఒక్కటే ఈ మాటకు గట్టి మినహాయింపు. మన రైతు ఖర్చు మాత్రం దాదాపు అంతా వెనుక వచ్చినదాని మీదే పోతోంది.

పూతను మాడ్చేది ఎవరు

జీడిమామిడి తోటలో ఎక్కువ నష్టం తెచ్చేది పూత మాడటం. డిసెంబరు, జనవరి నెలల్లో పచ్చగా ఉన్న పూగుత్తి వారం తిరిగేసరికి గోధుమరంగుకు మారి, ఎండి, నిప్పు సెగ తగిలినట్టు నల్లబడుతుంది. ఆ ఎండిన గుత్తిని ప్రయోగశాలకు పంపితే కొల్లెటోట్రైకం, లాసియోడిప్లోడియా, ఫోమాప్సిస్ వంటి శిలీంధ్రాలు బయటపడతాయి. దాంతో ఇది శిలీంధ్ర తెగులే అన్న తీర్పు వచ్చేస్తుంది. అయితే ఆ గుత్తి మాడక ముందు, ఇంకా లేతగా ఉన్నప్పుడు ఉదయంపూట దగ్గరగా చూడాలి. లేత కాడల మీద నీరు పట్టినట్టుండే ఎర్రటి మచ్చలు, వాటి నడుమ చిన్న బంక చుక్క కనిపిస్తే అక్కడ తేయాకు దోమ నోరు పెట్టిందని అర్థం. పేరుకు దోమ గానీ ఇది రసం పీల్చే నల్లి జాతి పురుగు. పొడిచేటప్పుడు అది వదిలే లాలాజలం విషంలా పనిచేసి చుట్టూ ఉన్న కణజాలాన్ని చంపుతుంది. చచ్చిన ఆ కణజాలం మీదికి శిలీంధ్రం చేరుతుంది.

పురుగా, శిలీంధ్రమా అన్న ఈ వాదం పశ్చిమ తీరపు పరిశోధకుల మధ్య చాలాకాలం నడిచింది. నేటి అవగాహన ప్రకారం మొదటి దోషి పురుగు, నష్టాన్ని ముదిరేలా చేసేది శిలీంధ్రం. వాన పడినా మంచు కురిసినా శిలీంధ్రం వాటా పెరుగుతుంది, పొడి వాతావరణంలో తగ్గుతుంది. రైతుకు దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. పురుగును వదిలేసి శిలీంధ్ర నాశిని ఎన్నిసార్లు చల్లినా పూత నిలవదు. చిగురు వచ్చినప్పుడు, పూత మొదలైనప్పుడు, పిందె కట్టేటప్పుడు అనే మూడు దశల్లో పురుగు కోసం చెట్టును వెతకడం ముఖ్యం. చిగురు దశలో దాన్ని కట్టడి చేయగలిగితే మిగతా రెండు దశల పని చాలా తేలికవుతుంది.

ఈ పురుగుకు ఒక సహజ శత్రువు ఉంది. ఆకులను ఒకదానికొకటి కుట్టి చెట్టు మీదే గూళ్లు కట్టే ఎర్రచీమలు. ఆస్ట్రేలియాలో, ఆఫ్రికాలో జీడిమామిడి తోటల్లో వీటిని కావాలని పెంచి తేయాకు దోమ జాతి పురుగులను అదుపు చేశారు. గోదావరి అవతల బస్తర్ గిరిజనులు పచ్చడి చేసుకునే చీమలు ఇవే. మన అడవుల్లోనూ కొదవ లేదు. కాయలు కోసేటప్పుడు కుడతాయని తోటల్లో గూళ్లకు నిప్పు పెట్టేవాళ్లున్నారు. అడవి అంచున కొత్తగా తోట వేసే రైతుకు ఆ చీమలు ఉచితంగా వచ్చిన కాపలా అని ఎవరో ఒకరు ముందే చెప్పాలి.

రకం ఎంపికతో కూడా కొంత తప్పించుకోవచ్చు. కర్ణాటకలోని పుత్తూరు జీడిమామిడి పరిశోధన డైరెక్టరేట్ విడుదల చేసిన భాస్కర రకం నడిమి కాలంలో పూస్తుంది. పురుగు ఉద్ధృతి మరీ ఎక్కువ లేని ఏడాదుల్లో దాని బారి నుంచి బయటపడుతుంది. తూర్పు తీరంలో బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం ఇచ్చిన బీపీపీ రకాలదే రాజ్యం, వాటిలోనూ బీపీపీ-8కి ఆదరణ ఎక్కువ. ఇవి తీరం ఇసుక నేలల్లో, సముద్రపు గాలిలో నిగ్గుతేలిన రకాలు. జనగామ చెల్కల వేడిలో, భూపాలపల్లి చలిలో వాటిని కొన్నేళ్లు పెట్టి చూడకుండా వందల ఎకరాల్లో ఒకే రకం నాటించడం మంచిది కాదని నా అభిప్రాయం.

మామిడిలో ఇదే కథ తేనెమంచు పురుగుతో నడుస్తుంది. అది పూగుత్తి రసం పీల్చి తియ్యటి జిగురును విసర్జిస్తుంది. ఆ జిగురు ఆకుల మీద పడ్డ చోట మసి తెగులు పెరుగుతుంది. చెట్టంతా పొగ పట్టినట్టు నల్లగా కనిపించేసరికి రైతు గుండె జారిపోతుంది. నిజానికి ఆ మసి శిలీంధ్రం ఆకు లోపలికి పోదు, పైన జిగురు తిని బతుకుతుంది. సూర్యరశ్మిని అడ్డుకోవడమే అది చేసే చెరుపు. పురుగును ఆపితే కొత్త మసి రాదు. పట్టిన మసిని వదిలించడానికి పల్చటి గంజి పిచికారీ చేస్తే చాలు, ఎండకు ఆరి పెచ్చులుగా ఊడిపోతుంది. దీనికి ఖరీదైన శిలీంధ్ర నాశినులు అమ్మడం అన్యాయం.

బూడిద తెగులు వేరు

ఇక మినహాయింపు గురించి. బూడిద తెగులుకు గాయం అక్కర్లేదు, నీటి తడి కూడా అక్కర్లేదు. రాత్రి చలి, పగలు వేడి, గాలిలో తేమ, పొగమంచు ఉంటే చాలు. వాన పడితే దీని సిద్ధబీజాలు కొట్టుకుపోతాయి. మిగతా శిలీంధ్రాలు వానతో పెరుగుతుంటే ఇది వాన లేని మబ్బు రోజుల్లో పెరుగుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ జిల్లాల వాతావరణం సరిగ్గా దీనికి కావలసినట్టే ఉంటుంది, మామిడి పూసేదీ అప్పుడే. పూగుత్తి మీద తెల్లటి పొడి చల్లినట్టు మొదలై, పూలు విచ్చుకోకుండానే రాలిపోతాయి, అప్పుడే కట్టిన పిందెలు గోధుమరంగుకు తిరిగి ఊడిపోతాయి. ఐరోపా ఓక్ చెట్ల మీద బూడిద తెగులు తెచ్చే శిలీంధ్రాలకూ మామిడి మీది దానికీ దగ్గర బంధుత్వం ఉందని జన్యు పరీక్షల్లో తేలింది. ఇది ఎంత దూరం ప్రయాణించగలదో దాన్నిబట్టి ఊహించవచ్చు.

ఈ తెగులు ఒక దేశపు పంటను ఏం చేయగలదో తెలియాలంటే టాంజానియా వైపు చూడాలి. 1973-74లో ఆ దేశంలో 1,45,000 టన్నుల జీడిగింజలు పండాయి. 1986-87 నాటికి అది 16 వేల టన్నుల దరిదాపులకు పడిపోయింది. అంతా తెగులు వల్లే జరిగిందనడం సరికాదు. 1970లలో రైతులను పాత ఊళ్ల నుంచి కొత్త సామూహిక గ్రామాలకు తరలించడంతో తోటలు దూరమయ్యాయి, ధర గిట్టలేదు, చెట్ల కింద కలుపు పెరిగింది, కొమ్మలు కలిసిపోయి చీకటిగా తయారయ్యాయి. 1970ల చివర్లో బూడిద తెగులు కనిపించేసరికి దిక్కులేని తోటలు దానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత గంధకపు పొడిని యంత్రాలతో టన్నులకొద్దీ చల్లి పంటను నిలబెట్టుకున్నారు. అది పనిచేసింది, కానీ ఏళ్ల తరబడి నేల మీద పడిన గంధకం మట్టిని ఆమ్లంగా మార్చడం మరో సమస్యగా మారింది. అక్కడి నలియెండెలె పరిశోధన కేంద్రం చివరికి చెప్పినది ఏమిటంటే, మందుతో పాటు చెట్లను పలుచన చేయాలి, చెట్టు అడుగున మొలిచే పిలకలను తీసేయాలి, తెగులును తట్టుకునే చెట్లను ఏరి వాటి అంట్లు కట్టాలి. పిలకల మీద తెగులు ఏడాది పొడవునా దాక్కుని, పూత సమయానికి పైకి ఎక్కుతుంది.

మన దేశంలో జీడిమామిడి మీద బూడిద తెగులు కొంకణ తీరంలో కనిపించింది. ఈ జిల్లాల్లో కొత్తగా వేసే జీడిమామిడికి అది పక్కనే ఉండే ప్రమాదం అనుకుని జాగ్రత్త పడటమే మేలు.

మామిడికి మందు ఎప్పుడు అన్నది మందు ఏది అన్నదానికంటే ముఖ్యం. పూమొగ్గ పొడుచుకొచ్చి ఇంకా విచ్చుకోని దశలో లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం మొదటి పిచికారీ. పిందె బఠాణీ గింజంత అయ్యాక అవసరమైతే హెక్సాకొనజోల్ వంటిది రెండోది. నడుమ, పూలు పూర్తిగా విచ్చుకున్నప్పుడు చల్లకూడదు. మామిడికి ఈగలు, జీడిమామిడికి తేనెటీగలు, చీమలు, ఈగలు పరాగ సంపర్కం చేస్తాయి. వాటిని చంపుకుని పూతను కాపాడినా కాయ రాదు. ఎండ ముదిరాక గంధకం చల్లితే ఆకులు, పిందెలు మాడతాయి. దుకాణాల గోడల మీద, ఇళ్లల్లో దాచుకున్న పాత కరపత్రాల్లో ఇప్పటికీ ట్రైడెమార్ఫ్, డైనోకాప్ పేర్లు కనిపిస్తాయి. కేంద్రం మొదటిదాన్ని 2018లో, రెండోదాన్ని 2023లో నిషేధించింది. ఆ కాగితాలను చించేయాలి.

కాయలో నిద్రపోయే శిలీంధ్రం

మహబూబాబాద్ మిర్చి రైతుకు కాయకుళ్లు అంటే చెప్పక్కర్లేదు. ఎర్రబడ్డ మిరపకాయ మీద గుంట పడి, నల్లటి చుక్కలు వలయాలుగా లేచే ఆ తెగులు కొల్లెటోట్రైకం అనే ప్రజాతి పని. మామిడి, జీడిమామిడిలో మచ్చ తెగులు కూడా దాని దగ్గరి చుట్టాలదే. చాలాకాలం కొల్లెటోట్రైకం గ్లియోస్పోరియాయిడిస్ అనే ఒకే జాతి ఇదంతా చేస్తోందనుకున్నారు. 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అది ఒక జాతి కాదని, 22 జాతుల సముదాయమని తేల్చింది. రైతుకు దీనితో పనేమిటి అంటే, ఒక తోటలో పనిచేసిన మందు ఇంకో తోటలో ఎందుకు పనిచేయలేదో కొంత అర్థమవుతుంది. కార్బెండజిమ్‌ను ఏడాది తర్వాత ఏడాది అదే పనిగా వాడిన చోట్ల దాన్ని లెక్కచేయని కొల్లెటోట్రైకం రకాలు తయారయ్యాయని అనేక దేశాల్లో నమోదైంది.

ఈ శిలీంధ్రం గుణం ఒకటి తెలుసుకోవాలి. అది పచ్చి పిందె తొక్కలోకి దూరి, అక్కడే ఏ గుర్తూ లేకుండా ఆగిపోతుంది. పచ్చికాయలో ఉండే రసాయనాలు దాన్ని ముందుకు పోనివ్వవు. కాయ పండుతూ ఆ రసాయనాలు తగ్గగానే లేచి నల్లమచ్చలు పెడుతుంది. తోటలో నిగనిగలాడిన బంగినపల్లి వరంగల్ ఏనుమాముల మార్కెట్ దాటి హైదరాబాద్ చేరేసరికి మచ్చలు పడుతోందంటే, ఆ తెగులు ఫిబ్రవరి మార్చి నెలల్లో తడిసిన పూత నాటిదే. కోత తర్వాత కాయలను 52 డిగ్రీల వేడి నీటిలో కొన్ని నిమిషాలు ముంచితే ఇది చాలావరకు తగ్గుతుంది. అంత సదుపాయం ప్యాక్‌హౌస్‌లు ఉన్న చోటే సాధ్యం. చిన్న రైతు చేయగలిగింది కాయను కొంచెం తొడిమతో కోయడం, కింద పడనీయకపోవడం, సొన కాయ మీద కారకుండా చూసుకోవడం. తొడిమ దగ్గర నుంచి మొదలయ్యే కుళ్లు వేరే శిలీంధ్రానిది. దాని సంగతి కింద చెబుతాను.

మచ్చ తెగులుకు వాన కావాలి. పూత, పిందె కాలంలో వాన పడకపోతే ఈ జిల్లాల్లో దాని బాధ తక్కువ. వాన పడితే ఏమవుతుందో 2023 మార్చి చూపించింది. ఆ నెల మధ్యలో వడగండ్లతో కురిసిన వానకు మహబూబాబాద్, వరంగల్, ఖమ్మం, కరీంనగర్ జిల్లాల్లో మక్క, మిర్చి, మామిడి దెబ్బతిన్నాయి. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలానికి కూడా వచ్చి పొలాలు చూసి, ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. రాలిన కాయ లెక్కలోకి వచ్చింది. వడగండ్లు లేత కొమ్మల బెరడును, నిలిచిన కాయల తొక్కను చీల్చిన గాయాలు ఏ లెక్కలోకీ రాలేదు. వడగండ్ల తర్వాత రెండు మూడు రోజుల్లో రాగి మందు ఒక్క పిచికారీ చేస్తే ఆ గాయాల్లోకి శిలీంధ్రం దూరకుండా చాలావరకు ఆపవచ్చు. నష్టపరిహారం జాబితా రాయడానికి వచ్చే అధికారులు ఆ మాట కూడా చెప్పి వెళ్తే ఆ పర్యటనకు ఇంకొంచెం ఫలితం ఉండేది.

మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం నూటనలభై ఏళ్ల నాటిది. 1885 ప్రాంతంలో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల నుంచి వచ్చింది. ఇప్పటికీ దాన్ని మించిన చవక మందు లేదు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో మంచి సున్నం, 100 లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనే కలపాలి. రెంటినీ విడివిడిగా కరిగించి, మైలుతుత్తపు నీళ్లను సున్నపు నీళ్లలో పోయాలి. కలిపాక ఇనుప కొడవలిని కాసేపు ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పట్టకూడదు. పట్టిందంటే సున్నం చాలలేదు, ఆకు మాడుతుంది. కలిపిన రోజే వాడేయాలి. ఈ ఓపిక లేకనే చాలామంది కాపర్ ఆక్సీక్లోరైడ్ పొట్లం కొంటున్నారు, అదీ పనిచేస్తుంది. దుకాణం మీద ఆధారపడకుండా సంఘంగా చేసుకోగల మందు మాత్రం బోర్డో మిశ్రమమే.

మొదట్లో కారే బంక

చెట్టు మొదట్లో బంక కారుతోందంటే రైతు ముందు కత్తి పట్టుకుని చూడాలి. జీడిమామిడిలో నేల నుంచి మూడడుగుల లోపు బంక కారుతూ, దానితో పాటు రంపపు పొట్టులాంటిది బయటికి వస్తుంటే అది కాండం, వేరు తొలిచే పురుగు. బెరడు కింద పురుగు చెట్టు చుట్టూ తొలుచుకుంటూ పోతుంది. ఆకులు పసుపుపచ్చగా మారి రాలి, ఏడాదీ రెండేళ్లలో చెట్టు చచ్చిపోతుంది. తూర్పు తీరపు తోటల్లో పెద్ద చెట్లు ఒక్కొక్కటిగా ఎండిపోవడం వెనుక ఎక్కువగా ఉన్నది ఇదే. దీన్ని తెగులనుకుని మొదట్లో శిలీంధ్ర నాశిని పోస్తూ కూర్చుంటే పురుగు తన పని తాను చేసుకుపోతుంది. ఉలితో బెరడు తీసి పురుగును ఏరేయడం, గాయానికి వేపనూనె పూయడం, సగానికి మించి బెరడు పోయిన చెట్టును పక్క చెట్లకు ఆ పురుగు చేరకముందే తీసేయడం తప్ప వేరే మార్గం లేదు.

పొట్టు లేకుండా, కాండం మీద ఎక్కడైనా బెరడు పగిలి బంక కారి, చెక్కితే లోపలి కర్ర నల్లగా చారలు కట్టి ఉంటే అప్పుడు శిలీంధ్రాన్ని అనుమానించాలి. ఇది ఎక్కువగా లాసియోడిప్లోడియా థియోబ్రోమే. మామిడిలో కొమ్మలు చివరి నుంచి ఎండుతూ కిందికి దిగడం, కోసిన పండు తొడిమ దగ్గర కుళ్లడం కూడా దీని పనే. అయిదు వందలకు పైగా మొక్కల మీద బతకగలదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు లోపల ఏ హానీ చేయకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. చెట్టు నీళ్లకు అల్లాడినప్పుడు, ఎండదెబ్బ తిన్నప్పుడు, కొమ్మ విరిగినప్పుడు తెగులుగా మారుతుంది. బ్రెజిల్ ఈశాన్యంలోని ఎండు ప్రాంతాల్లో పొట్టి జీడిమామిడి రకాలను పెద్ద ఎత్తున ఒకేచోట నాటాక ఈ బంక తెగులు తోటలకు తోటల్నే తినేసింది. అక్కడి ఎంబ్రాపా సంస్థ దాన్ని తట్టుకునే బీఆర్ఎస్ 226 అనే రకాన్ని తీసుకొచ్చాకనే ఆ ప్రాంతంలో మళ్లీ ధైర్యం వచ్చింది. జనగామ వంటి ఎండు జిల్లాకు కేరళ, కొంకణ అనుభవాల కంటే ఈ బ్రెజిల్ అనుభవమే దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది. మన శాస్త్రవేత్తలు అటు ఎక్కువ దృష్టి పెట్టాలి.

మామిడికి ఇంతకంటే భయపెట్టే ఉదాహరణ ఒమన్‌ది. 1998లో అక్కడ మామిడి చెట్లు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రాన్ని బెరడు తొలిచే చిన్న పురుగు చెట్టు నుంచి చెట్టుకు మోసింది. ఇక్కడా పురుగు లేకుండా కథ లేదు.

శ్రీకాకుళం ఉద్దానం తోటలు నేర్పే పాఠం తుపానుది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చింది. పడిపోయిన చెట్లు అందరికీ కనిపించాయి. సగం విరిగి నిలబడ్డ చెట్లు కూడా ప్రమాదంలో ఉన్నట్టే. చీలిన కొమ్మను నున్నగా కోసి మందు పూయకపోతే లాసియోడిప్లోడియాకు అంతకంటే మంచి చోటు దొరకదు. కొమ్మ ఎండిన చోటికి కింద నాలుగంగుళాల పచ్చి కర్ర కూడా కలిపి కోసేయాలి. కోత మీద మైలుతుత్తం, సున్నం చెరో కిలో పది లీటర్ల నీటిలో కలిపిన బోర్డో పేస్టు పూయాలి. కోసిన కొమ్మలను తోటలోనే గట్టు మీద కుప్పవేస్తే శిలీంధ్రం అక్కడ సిద్ధబీజాలు కడుతుంది. బయటికి తీసి కాల్చేయాలి.

ఎర్ర తామర గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆకుల మీద ఇటుకరంగు మఖ్మల్ చుక్కలు శిలీంధ్రం కాదు, ఒక రకం నాచు. గుబురు తోటల్లో వస్తుంది, వెలుతురు తగిలితే పోతుంది. కాండం మీది బూడిదరంగు పొలుసులు హాని చేసేవి కావు.

వేరు, నర్సరీ, నేల

2023 జూలై 27 తెల్లవారేసరికి ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మళ్లీ 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ వైపు వచ్చిన వరద రైలు పట్టాల కింది కట్టనే కోసేసింది. ఇలాంటి వానలు ఇక అరుదు అనుకోలేం. జీడిమామిడి నీళ్లు నిలవడాన్ని భరించలేదు. మామిడి కొంత భరిస్తుంది గానీ లేత మొక్క భరించదు. నీళ్లు నిలిచిన గుంతలో ఫైటాఫ్తొరా, పిథియం, ఫ్యుజేరియం వంటివి వేరును కుళ్లబెడతాయి. మొక్క వడలిందని రైతు మళ్లీ నీళ్లు పెడతాడు, అది ఇంకా కుళ్లుతుంది. నల్లరేగడిలో తోట పెట్టాల్సి వస్తే మట్టి ఎత్తు చేసి గుట్ట మీద నాటాలి. వాలుకు అడ్డంగా కాలువ తీయాలి. ఇది ఏ మందుతోనూ తీరే పని కాదు.

మొక్క వచ్చే చోటు కూడా చూడాలి. ఈ జిల్లాల్లోకి అంట్లు ఎక్కువగా తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. వేల మొక్కలు దగ్గరదగ్గరగా, ఎప్పుడూ తడిగా ఉండే చోట నారుకుళ్లు మామూలే. చూడటానికి పచ్చగా ఉన్న మొక్క సంచి మట్టిలో తెగులును మోసుకొస్తుంది. ప్రభుత్వ పథకం కింద మొక్క ఇచ్చేటప్పుడు ధర, రకం చూస్తున్నట్టే ఒకటి రెండు సంచులు చింపి వేరు తెల్లగా ఉందా గోధుమరంగుకు తిరిగిందా అని చూడటం తప్పనిసరి చేయాలి. మహబూబాబాద్ జిల్లా మల్యాలలో ఉద్యాన విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు రావడంలో ఆ పరిశోధన స్థానానికి పాత్ర ఉంది. అదే శ్రద్ధతో మూడు జిల్లాల రైతులకు కావలసిన మామిడి, జీడిమామిడి అంట్లను అక్కడే, ఈ నేల మీదే, శుభ్రమైన మట్టిలో కట్టించవచ్చు.

నాటే గుంతలోకి ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వేయడం మంచి అలవాటు. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచితే అది ఎరువంతా పాకుతుంది. అదే గుంతలో రాగి మందు పోస్తే ట్రైకోడెర్మా చస్తుంది. అది కూడా శిలీంధ్రమే అన్నది మరవకూడదు.

చెట్టు ఒకరిది, పంట ఇంకొకరిది

ఇంత తెలిసినా తోటలు ఎందుకు బాగుపడవు? తెలియకపోవడం ఒక కారణం. పూత మాడిన కొమ్మ పట్టుకుని మందుల దుకాణానికి వెళ్లి 'పూత రాలుతుంది, మందు ఇయ్యి' అని అడిగితే, దుకాణదారు పురుగు మందు, శిలీంధ్ర నాశిని, టానిక్ మూడూ కలిపి ఇస్తాడు. ఏదో ఒకటి తగలకపోతుందా అన్నది లెక్క. మూడు మందుల ఖర్చు రైతు మీద పడుతుంది, ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, మరుసటి ఏడాది మళ్లీ మూడూ కావాలి. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాటి తేమ, ఉష్ణోగ్రత లెక్కలతో మండలాల వారీగా 'ఈ వారం బూడిదకు అనుకూలం', 'ఈ వారం మచ్చ తెగులుకు అనుకూలం' అని ఫోనుకు పంపడం పెద్ద కష్టం కాదు. ఈ రెండింటి వాతావరణాలు వేరు గనుక ఆ ఒక్క సందేశంతోనే సగం పిచికారీలు తగ్గుతాయి.

కానీ ఇంకా లోతైన కారణం గుత్త. మామిడి తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకు ఇచ్చేయడం ఇక్కడ మామూలు. చేతిలో డబ్బులు లేని రైతుకు పూత మీద వచ్చే అడ్వాన్సు పెద్ద ఆసరా, దాన్ని తప్పుపట్టలేం. ఆ తర్వాత తోటలో మందు చల్లేది, కాపలా ఉండేది, కాయ కోసేది గుత్తదారే. అతని లెక్క ఆ నాలుగు నెలలే. మే నెలాఖరుకు అతను వెళ్లిపోతాడు. తెగుళ్లను ఆపే అసలు పని మొదలయ్యేది అప్పుడే: ఎండు కొమ్మలు కోయడం, నడిమి గుబురు విప్పి వెలుతురు రానివ్వడం, రాలిన కాయలు, మాడిన పూగుత్తులు ఏరి కాల్చడం, కోతలకు పేస్టు పూయడం. జూన్, జూలై నెలల్లో వాన తెరిపి ఇచ్చిన రోజుల్లో చేయాల్సిన ఈ పనికి కూలీ ఖర్చు రైతు మీద పడుతుంది. అప్పుడు అతని చేతులు పత్తి విత్తనాలకు, వరినారుకు తిరిగి ఉంటాయి. గుత్తదారుకు ఆ పనితో సంబంధం లేదు. ఫలితంగా చెట్టు మొత్తానికి బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది, జనవరి నాటికి మళ్లీ అదే ఎండు కొమ్మల మీద నుంచి తెగులు పూతలోకి దిగుతుంది.

గుత్తను రద్దు చేయమనడం తేలిక, జరిగే పని కాదు. ఒక ఏడాదికి బదులు మూడేళ్ల గుత్త రాసుకుంటే గుత్తదారుకు కూడా చెట్టు మీద మమకారం వస్తుంది. కత్తిరింపు ఖర్చులో సగం గుత్తదారు భరించాలని, వాడిన మందుల పేర్లు, తేదీలు కాగితం మీద రాసివ్వాలని ఒప్పందంలో చేర్చవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలున్న చోట సంఘమే ఈ ఒప్పందం రాయించి, జూన్‌లో కత్తిరింపు బృందాన్ని తోట తర్వాత తోటకు పంపి, ఆ ఖర్చును గుత్త సొమ్ములోంచి మినహాయించుకోవచ్చు. కొత్త పట్టా భూముల్లో మొక్కలు ఇంకా నాటే దశలోనే ఉన్నాయి. కాపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. గుత్తదారు ఆ గట్టు మీదికి వచ్చేలోపు ఈ కాగితం తయారుచేసుకోవడానికి సమయం ఉంది.